సెంటాస్ 7 నుంచి డెబియన్ 12కి మారాక "వీజీఏ=ఎక్స్‌ట్" పనిచేయట్లేదు, 50 లైన్లు రావట్లేదు

మిల్లు_వెంకట్ (మిర్యాలగూడ)
11 నవంబర్ 2024, ఉదయం 8:15

అందరికీ నమస్తే. మా మామ రైస్ మిల్లులో కాంటా గదిలో ఉన్న కంప్యూటర్ గురించి అడుగుతున్నాను. లారీ కాంటా ఎక్కగానే సీరియల్ పోర్ట్ నుంచి బరువు తీసుకుని చీటీ ప్రింట్ చేసే ప్రోగ్రామ్ ఒకటి ఉంది. సీ భాషలో, టెక్స్ట్ తెర గీసే ఎన్‌కర్సెస్ అనే లైబ్రరీతో రాశారు. రాసినాయన ఇప్పుడు ఈ పని చేయట్లేదు, సోర్స్ మాత్రం మా దగ్గరే ఉంది. ఆ ప్రోగ్రామ్‌కి స్క్రీన్ 80 కాలమ్స్, 50 లైన్లు ఉండాలి. ఒక్క లైన్ తగ్గినా స్క్రీన్ చిన్నదని చెప్పి ఆగిపోతుంది.

ఇంతకు ముందు ఆ మెషీన్‌లో ఉన్న లైనక్స్ సెంటాస్ 7. దాంట్లో కెర్నెల్ కమాండ్ లైన్‌లో, అంటే బూట్ అయ్యేటప్పుడు లైనక్స్ కెర్నెల్‌కి ఇచ్చే ఆప్షన్ల వరుసలో, "నోమోడ్‌సెట్ వీజీఏ=ఎక్స్‌ట్" అని ఉండేది. నోమోడ్‌సెట్ అంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ని తెర మోడ్ మార్చనివ్వొద్దని, వీజీఏ=ఎక్స్‌ట్ అంటే 50 లైన్లు ఇవ్వమని. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేదు. జూన్ 30తో సెంటాస్ 7 సపోర్ట్ అయిపోయింది, పైగా హార్డ్ డిస్క్ చప్పుడు చేస్తోంది. అందుకని కొత్త ఎస్ఎస్‌డీ పెట్టి డెబియన్ 12 అనే ఇంకో లైనక్స్ వేశాను. మెషీన్ పాతదే, మానిటర్ కూడా పాతదే, 1366x768.

మొదట నోమోడ్‌సెట్ పెట్టడం మర్చిపోయాను. అప్పుడు 48 లైన్లు వచ్చాయి. రెండే రెండు లైన్లు తక్కువ! నోమోడ్‌సెట్ పెడితే 25కి పడిపోయింది. "/ప్రాక్/సీఎండీలైన్" తెరిచి చూస్తే "వీజీఏ=ఎక్స్‌ట్" చక్కగా కనిపిస్తోంది. అంటే కెర్నెల్‌కి అందినట్టే కదా, మరి ఎందుకు వినట్లేదు?

వానాకాలం వడ్లు వచ్చే రోజులు. మిల్లు ముందు రోడ్డు మీద లారీలు ఆగి ఉన్నాయి, చీటీలు చేత్తో రాస్తున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి.

టక్స్_ట్యాంక్‌బండ్ (హైదరాబాద్)
11 నవంబర్, ఉదయం 8:40

వెంకట్ అన్నా, ఎక్స్‌ట్ అన్నది పాత పదం, నంబర్ ఇచ్చి చూడు. 80x50కి నంబర్ హెక్స్‌లో ఎఫ్01, అంటే మామూలు లెక్కలో 3841. "వీజీఏ=3841" అని పెట్టు. అది పనిచేయకపోతే "వీడియో=80x50" కూడా ట్రై చెయ్.

మిల్లు_వెంకట్
11 నవంబర్, ఉదయం 9:20

రెండూ చేశాను తమ్ముడూ. 3841 ఇస్తే గ్రబ్ (కెర్నెల్‌ని ఎక్కించే బూట్‌లోడర్) మెనూ దాటగానే ఒక లైన్ మెరిసి పోయింది. ఫోన్‌తో వీడియో తీసి ఆపి చదివాను. వీజీఏ ఆప్షన్ పాతబడింది, 3841 అనే మోడ్ గుర్తుపట్టలేదు, "జీఎఫ్ఎక్స్‌పేలోడ్" వాడండి అని ఉంది. మళ్లీ అవే 25 లైన్లు. వీడియో=80x50తో ఏ మార్పూ లేదు.

లైనక్స్‌లీల (హైదరాబాద్)
11 నవంబర్, ఉదయం 9:35

వెంకట్ గారూ, ఆ వీడియో తీసిన ఆలోచన బాగుంది, సగం జవాబు అందులోనే ఉంది. ఆ లైన్ రాసింది గ్రబ్. కెర్నెల్ కాదు.

"వీడియో=" అన్నది వేరే ఆప్షన్. అది గ్రాఫిక్స్ డ్రైవర్ కోసం, అక్కడ ఇచ్చేది పిక్సెళ్ల లెక్క. 80x50 అంటే దానికి 80 పిక్సెళ్ల వెడల్పు అని అర్థం. దాన్ని తీసేయండి.

రెండు సంగతులు చూసి చెప్పండి. ఒకటి, "/సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్ఐ" అనే డైరెక్టరీ ఉందా? ఉంటే మెషీన్ యూఈఎఫ్ఐలో బూట్ అయినట్టు, లేకపోతే పాత బయోస్ (రెండూ మెషీన్ ఆన్ కాగానే ముందు నడిచే ఫర్మ్‌వేర్లే). రెండోది, పాత డిస్క్ ఇంకా చదవడానికి వస్తే దాంట్లో గ్రబ్ కాన్ఫిగ్ ఫైల్ తెరిచి, కెర్నెల్ పేరు ఉన్న లైన్ ఏ పదంతో మొదలైందో చూడండి. కొత్త డిస్క్‌లో కూడా అదే లైన్ చూడండి.

మిల్లు_వెంకట్
11 నవంబర్, ఉదయం 10:25

ఆ డైరెక్టరీ లేదు మేడమ్, అంటే బయోసే. పాత డిస్క్ యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి చూశాను. పాతదాంట్లో లైన్ "లైనక్స్16" అని మొదలైంది, దాని కింద "ఇనిట్ఆర్‌డీ16" (బూట్‌కి కావాల్సిన తాత్కాలిక ఫైళ్లని ఎక్కించే లైన్). కొత్తదాంట్లో ఉత్త "లైనక్స్", "ఇనిట్ఆర్‌డీ". 16 లేదు. ఇది మీరు అడక్కపోతే నా కంట పడేది కాదు.

పాత_లైలో (కాకినాడ)
11 నవంబర్, ఉదయం 11:10

వెంకట్ గారూ, మీ జబ్బు దొరికింది. మందు లీల గారు చెబుతారు. అసలు ఆ 16 దేనికో నేను చెబుతాను, ఎందుకంటే ఇది తెలియకపోతే ఇంకో మెషీన్ మీద మళ్లీ ఇదే తిప్పలు.

వీజీఏ ఆప్షన్ కెర్నెల్ కమాండ్ లైన్‌లో రాస్తాం కాబట్టి అది కెర్నెల్ ఆప్షన్ అని అందరూ అనుకుంటారు. నిజానికి అది బూట్‌లోడర్‌కి చెప్పే మాట. ఎక్స్86 కెర్నెల్ ఫైల్ మొదట్లో "సెటప్" అనే చిన్న ముక్క ఉంటుంది, అది ప్రాసెసర్ ఆన్ కాగానే ఉండే 16 బిట్ రియల్ మోడ్‌లో నడుస్తుంది. స్క్రీన్ మోడ్ మార్చేది ఆ ముక్కే. తెర పనుల కోసం ఉన్న ఇంటరప్ట్ 10 (హెక్స్‌లో) ద్వారా బయోస్‌ని పిలిచి మారుస్తుంది. కానీ అది కమాండ్ లైన్‌లో వీజీఏ మాట వెతకదు. మరి ఏ మోడ్ పెట్టాలో దానికి ఎలా తెలుస్తుంది? ఫైల్ హెడర్‌లో 506వ బైట్ దగ్గర, హెక్స్‌లో 1ఎఫ్ఏ, రెండు బైట్ల గది ఒకటి ఉంది. దాని పేరు "విడ్_మోడ్". బూట్‌లోడర్ మన కమాండ్ లైన్‌లో వీజీఏ అనే మాట వెతికి, దాని విలువ ఆ గదిలో రాయాలి. కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లో బూట్ ప్రోటోకాల్ గురించి రాసినచోట ఇది బూట్‌లోడర్ పని అని స్పష్టంగా ఉంది.

నార్మల్ అంటే ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్, ఎక్స్‌ట్ అంటే ఎఫ్ఎఫ్ఎఫ్ఈ, ఆస్క్ అంటే ఎఫ్ఎఫ్ఎఫ్‌డీ. గుర్తుతో చదివితే -1, -2, -3. మా రోజుల్లో "విడ్‌మోడ్" అనే కమాండ్ ఉండేది. కెర్నెల్ ఫైల్ మీదే నేరుగా ఆ రెండు బైట్లు మార్చేది. దానికి -2 ఇస్తే 80x50. బూట్‌లోడర్ లేకుండా కెర్నెల్‌ని ఫ్లాపీ మీద ఉన్నదున్నట్టు రాసి బూట్ చేసే రోజుల్లో మాకు అదే దిక్కు.

తర్వాత లైలో అనే బూట్‌లోడర్ వచ్చింది. దాని కాన్ఫిగ్‌లో వీజీఏ అని ఒక లైన్ రాసి, లైలో కమాండ్ మళ్లీ నడపాలి. నడపడం మర్చిపోతే మార్పు డిస్క్ మీదికి ఎక్కదు. 2001లో నేను పాఠం చెప్పే ల్యాబ్‌లో ఇరవై మెషీన్లకి 80x50 పెట్టాను. పిల్లలకి ప్రోగ్రామ్ మొత్తం ఒకే తెరలో కనబడితే తప్పు పట్టుకోవడం తేలికయ్యేది. అప్పటి ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది, అందుకే మీ పోస్ట్ చూడగానే ఇంత పొడుగు రాస్తున్నాను.

50 ఎలా వస్తుందో కూడా చెబుతాను. వీజీఏ టెక్స్ట్ మోడ్‌లో తెర ఎత్తు 400 గీతలు. అక్షరం ఎత్తు 16 అయితే 25 లైన్లు, 8 అయితే 50. ఎక్స్‌ట్ అంటే సెటప్ చేసే పని ఇంతే, 8 ఎత్తున్న ఫాంట్ ఎక్కించడం. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

లైనక్స్‌లీల
11 నవంబర్, ఉదయం 11:40

మాస్టారు చెప్పిన చోటి నుంచి నేను అందుకుంటాను.

పాత గ్రబ్, అంటే గ్రబ్ లెగసీ, వీజీఏ చూసి ఆ గదిలో విలువ రాసేది. సిస్‌లైనక్స్ అనే ఇంకో బూట్‌లోడర్ కూడా అంతే. గ్రబ్ 2లో దారి రెండుగా చీలింది. "లైనక్స్" కమాండ్ 32 బిట్ బూట్ ప్రోటోకాల్ వాడుతుంది. కెర్నెల్‌లో 16 బిట్ సెటప్ ముక్కని అసలు నడపకుండా, నేరుగా 32 బిట్ భాగంలోకి దూకుతుంది. సెటప్ నడవలేదు కాబట్టి దాని గదిలో ఏం రాసినా చదివేవాళ్లు లేరు. తెర మోడ్ పెట్టే బాధ్యత గ్రబ్‌దే అవుతుంది. గ్రబ్ మోడ్ పెట్టి, తెర ఎంత ఉందో "స్క్రీన్_ఇన్‌ఫో" అనే స్ట్రక్చర్‌లో నింపి కెర్నెల్‌కి అప్పగిస్తుంది. అందుకే దానికి సొంతంగా జీఎఫ్ఎక్స్‌పేలోడ్ అనే వేరియబుల్ ఉంది.

"లైనక్స్16" మాత్రం పాత 16 బిట్ దారిలోనే వెళ్తుంది. సెటప్ నడుస్తుంది, వీజీఏ మాట చెల్లుతుంది. సెంటాస్ 7 బయోస్ మెషీన్లలో లైనక్స్16 పెట్టేది. డెబియన్ లైనక్స్ అని పెడుతుంది. మీ ఇన్‌స్టాలేషన్‌లో మీరు చేసిన తప్పేమీ లేదు.

కొత్త దారిలో గ్రబ్ వీజీఏ మాటని పూర్తిగా వదిలేయదు, తనకు తెలిసినంత అనువదిస్తుంది. 788, 791 లాంటి గ్రాఫిక్స్ నంబర్లు ఇస్తే 800x600, 1024x768 అని మార్చుకుంటుంది. నార్మల్ ఇస్తే "టెక్స్ట్" అని మారుస్తుంది. ఎక్స్‌ట్ ఇచ్చినా అదే "టెక్స్ట్", అంటే 80x25! గ్రబ్ సోర్స్‌లో ఆ లైన్ పక్కనే 80x50 సపోర్ట్ చేయాలి, బాగుచేయాలి అని కామెంట్ ఉంది, కానీ ఎవరూ చేయలేదు. ఆస్క్ అయితే ఇక లేదని చెప్పేస్తుంది. మీకు 25 వచ్చింది ఇందుకే. తెలియని నంబర్ ఇచ్చినప్పుడూ అంతే.

ఇప్పుడు చేయాల్సింది. మొదట ఏ ఫైలూ మార్చకుండా ఒక్కసారి పరీక్షించండి. మెషీన్ ఆన్ చేసి గ్రబ్ మెనూలో "ఈ" నొక్కండి. "లైనక్స్" అని మొదలైన లైన్‌లో ఆ పదాన్ని "లైనక్స్16" చేయండి, "ఇనిట్ఆర్‌డీ"ని "ఇనిట్ఆర్‌డీ16" చేయండి. రెండూ మార్చాలి, ఒకటి వదిలేస్తే బూట్ కాదు. అదే లైన్ చివర "నోమోడ్‌సెట్ వీజీఏ=ఎక్స్‌ట్" ఉందో లేదో చూసి ఎఫ్10 నొక్కండి. లాగిన్ అయ్యాక "ఎస్‌టీటీవై సైజ్" కమాండ్ ఇస్తే ముందు లైన్లు, తర్వాత కాలమ్స్ చూపిస్తుంది. 50 80 రావాలి.

మిల్లు_వెంకట్
11 నవంబర్, మధ్యాహ్నం 12:30

వచ్చింది మేడమ్! 50 80. ప్రోగ్రామ్ తెరుచుకుంది. మొదటి లారీ చీటీ ఇప్పుడే ప్రింట్ అయింది. మీ ఇద్దరికీ దండాలు. మామ బయట నిలబడి చూస్తున్నారు, ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

దీన్ని ఎప్పటికీ ఉండేలా ఎలా చేయాలి? కెర్నెల్ అప్‌డేట్ వస్తే పోతుందా?

టక్స్_ట్యాంక్‌బండ్
11 నవంబర్, మధ్యాహ్నం 12:50

సంతోషం అన్నా. కానీ నాకు ఒక సందేహం ఉంది లీలక్కా. సీఎండీలైన్ ఫైల్‌లో వీజీఏ=ఎక్స్‌ట్ కనిపించింది కదా. కెర్నెల్ దాన్ని చూసి కూడా ఊరుకుందంటే అది కెర్నెల్ తప్పు కాదా? చదివినప్పుడైనా మార్చుకోవచ్చు కదా.

పాత_లైలో
11 నవంబర్, మధ్యాహ్నం 1:15

ప్రశ్న మంచిది నాయనా. కమాండ్ లైన్ చదివే సమయానికి కెర్నెల్ ప్రొటెక్టెడ్ మోడ్ దాటి చాలా దూరం వచ్చేసి ఉంటుంది. బయోస్‌ని పిలవాలంటే మళ్లీ రియల్ మోడ్‌కి దిగాలి. ఆ పని సెటప్‌లోనే అయిపోవాలని మొదటి నుంచీ ఉన్న ఏర్పాటు. సీఎండీలైన్ ఫైల్‌లో ఉన్నది బూట్‌లోడర్ అందించిన వాక్యం మాత్రమే. అందులో ప్రతి మాటా అమలైందని దాన్నిబట్టి చెప్పలేం.

ఇంట్లోనే చూడాలనుకుంటే క్యూఈఎంయూ అనే వర్చువల్ మెషీన్ ప్రోగ్రామ్ ఉంటే చాలు. దానికి "-కెర్నెల్" అని కెర్నెల్ ఫైల్ ఇచ్చి, "-అపెండ్"లో "వీజీఏ=ఆస్క్" అని ఇవ్వు. అక్కడ బూట్‌లోడర్ పాత్ర క్యూఈఎంయూ తనే పోషిస్తుంది. వీజీఏ మాట వెతికి, అదే 506వ బైట్ గదిలో రాస్తుంది. తెర మీద ఎంటర్ నొక్కితే మోడ్‌లు చూపిస్తాను, స్పేస్ నొక్కితే ముందుకు పోతాను, లేదంటే 30 సెకన్లు ఆగుతాను అని సెటప్ అడుగుతుంది. ఎంటర్ నొక్కితే జాబితా వస్తుంది: ఎఫ్00 దగ్గర 80x25, ఎఫ్01 దగ్గర 80x50, ఎఫ్02 దగ్గర 80x43, ఇంకా 80x28, 80x30, 80x34, 80x60. ఇనిట్ఆర్‌డీ ఇవ్వలేదు కాబట్టి తర్వాత కెర్నెల్ పానిక్ అని ఆగిపోతుంది, దాన్ని పట్టించుకోకు.

అదే కెర్నెల్‌ని గ్రబ్ 2 "లైనక్స్" దారిలో బూట్ చేసి ఆస్క్ పెట్టి చూడు. ఎవరూ ఏమీ అడగరు. కెర్నెల్ ఒకటే, కమాండ్ లైన్ ఒకటే, మధ్యలో మోసుకొచ్చినవాడు మారాడు.

టక్స్_ట్యాంక్‌బండ్
11 నవంబర్, మధ్యాహ్నం 2:35

చేసి చూశాను మాస్టారూ. మీరు చెప్పినట్టే జాబితా వచ్చింది. ఎఫ్07 ఇస్తే 80x60 కూడా వచ్చింది. ఇన్నాళ్లూ కమాండ్ లైన్ అంటే కెర్నెల్‌కి రాసే ఉత్తరం అనుకున్నాను. మధ్యలో ఉన్నవాళ్లు చదివే మాటలు కూడా అందులో ఉంటాయని ఇప్పుడే తెలిసింది.

లైనక్స్‌లీల
11 నవంబర్, మధ్యాహ్నం 3:00

తమ్ముడూ, అలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. "మెమ్=" అన్నది కెర్నెల్ చదువుతుంది, కానీ ఇనిట్ఆర్‌డీని మెమరీలో ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి బూట్‌లోడర్ కూడా చూడాలి. "ఇనిట్ఆర్‌డీ=" సిస్‌లైనక్స్‌లో పూర్తిగా బూట్‌లోడర్ మాట.

వెంకట్ గారూ, శాశ్వతంగా ఉంచడానికి: గ్రబ్ కాన్ఫిగ్ ఫైల్‌ని నేరుగా మార్చకండి, తర్వాత అప్‌డేట్ వచ్చినప్పుడు అది మళ్లీ తయారై మీ మార్పు పోతుంది. దాంట్లోంచి మీ మెనూ ఎంట్రీ మొత్తాన్ని కాపీ చేసి "/ఈటీసీ/గ్రబ్.డీ/40_కస్టమ్" చివర అతికించండి. ఆ కాపీలో 16 చేర్చండి, పేరు "కాంటా" అని మార్చండి. కెర్నెల్ ఫైల్ పేరులో వెర్షన్ నంబర్ ఉంటుంది, అది అలాగే వదిలేస్తే కొత్త కెర్నెల్ వచ్చినా పాతదే బూట్ అవుతుంది, పాతది తీసేసిన రోజు అసలు బూట్ కాదు. డెబియన్ రూట్ డైరెక్టరీలో "విఎమ్‌లైనజ్", "ఇనిట్ఆర్‌డీ.ఐఎమ్‌జీ" అనే లింకులు ఉంచుతుంది, అవి ఎప్పుడూ తాజా కెర్నెల్‌నే చూపిస్తాయి. వెర్షన్ ఉన్న పేర్ల బదులు ఆ లింకులు రాయండి. తర్వాత "/ఈటీసీ/డీఫాల్ట్/గ్రబ్"లో గ్రబ్_డీఫాల్ట్‌కి "కాంటా" పేరు ఇచ్చి "అప్‌డేట్-గ్రబ్" నడపండి.

అయితే నన్నడిగితే ఈ దారి మీకు ఈ సీజన్ గడవడానికి సరిపోతుంది, దీర్ఘకాలానికి నేను దీన్ని ఎంచుకోను. కారణం రాత్రి రాస్తాను, ఆఫీసులో పని ఉంది.

డల్లాస్_శ్రీను (టెక్సస్)
11 నవంబర్, రాత్రి 8:05

చదువుతుంటే మా డేటా సెంటర్ గోల గుర్తొచ్చి రాస్తున్నాను. సర్వర్లకి మానిటర్ ఉండదు, సీరియల్ ఓవర్ ల్యాన్ మీద, అంటే తెర మీది అక్షరాలని నెట్‌వర్క్ ద్వారా, చూస్తాం. బయోస్ చేసే రీడైరెక్షన్ టెక్స్ట్ మోడ్‌లో ఉన్న అక్షరాలనే పంపుతుంది. గ్రబ్ గ్రాఫిక్స్ మోడ్‌లోకి వెళ్లిన క్షణం నుంచి మాకు తెర నల్లగా అయిపోయేది. కెర్నెల్ చచ్చిపోయిందని ఒక రాత్రంతా తల పట్టుకున్నాం, తీరా చూస్తే అది హాయిగా బూట్ అయి ఉంది. గ్రబ్_టెర్మినల్‌ని కన్సోల్‌గా, గ్రబ్_జీఎఫ్ఎక్స్‌పేలోడ్_లైనక్స్‌ని టెక్స్ట్‌గా పెట్టి, సీరియల్ పోర్ట్ కోసం "కన్సోల్=టీటీవైఎస్0,115200" కలిపాక తేరుకున్నాం.

ఒక హెచ్చరిక కూడా. దూరంగా ఉన్న మెషీన్‌కి 16 దారిలో వీజీఏ=ఆస్క్ పెట్టకండి. ప్రతి రీబూట్‌కి 30 సెకన్లు ఎవరో మీట నొక్కుతారని ఎదురుచూస్తుంది. అలాగే కేఎగ్జెక్‌తో (నడుస్తున్న కెర్నెల్ నుంచే నేరుగా కొత్త కెర్నెల్‌లోకి దూకడం) రీబూట్ చేసే అలవాటు ఉంటే అక్కడ కూడా మామూలుగా సెటప్ నడవదు, వీజీఏ మాటకి విలువ ఉండదు.

అక్షరపథం (విజయవాడ)
11 నవంబర్, రాత్రి 8:50

వెంకట్ గారూ, మీ చీటీల మీద, తెర మీద రైతుల పేర్లు ఇంగ్లీషులోనే ఉన్నాయా? తెలుగులో చూపించాలని ఎప్పుడైనా అనుకున్నారా? నేను తెలుగు స్థానికీకరణలో పనిచేస్తుంటాను, అందుకే అడుగుతున్నాను.

మిల్లు_వెంకట్
11 నవంబర్, రాత్రి 9:05

అనుకున్నాం అండీ. రైతులు వచ్చి తెర వైపు చూస్తారు, పేరు సరిగ్గా పడిందా లేదా అని. ఇంగ్లీషులో "కె. వై. రెడ్డి" అని ఉంటే ఎవరో ఒకరు చదివి చెప్పాలి. కానీ ఈ తెర మీద కుదరదని అప్పుడు ఆ ప్రోగ్రామ్ రాసినాయన చెప్పారు.

అక్షరపథం
11 నవంబర్, రాత్రి 9:30

ఆయన నిజమే చెప్పారు. వీజీఏ టెక్స్ట్ మోడ్‌లో తెర మీద ఒకేసారి 256 బొమ్మలే ఉండగలవు. 512కి పెంచవచ్చు, అలా పెంచితే అక్షరాల రంగులు 16 నుంచి 8కి తగ్గుతాయి. మన గుణింతాలు, ఒత్తులు, వాటి కలయికలు 512 గళ్లలో ఇమడవు. ఇమిడినా ప్రతి అక్షరం ఒకే వెడల్పు గడిలో కూర్చోవాలి, ఒత్తు కిందికి దిగడానికి చోటుండదు. క్ష్మి, స్త్రీ లాంటివి 8 గీతల ఎత్తులో ఎలా గీస్తాం? గ్రాఫిక్స్ మోడ్‌లో నడిచే లైనక్స్ కన్సోల్‌లో కూడా అక్షరాలని కలిపి పేర్చే యంత్రాంగం లేదు.

డెబియన్ ఇన్‌స్టాలర్‌లోనూ ఇదే సమస్య. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్ ఎంచుకుంటేనే భాషల జాబితాలో తెలుగు కనిపిస్తుంది. టెక్స్ట్ ఇన్‌స్టాలర్‌లో ఉండదు. తెలుగు తీసేశారని చాలామంది నాకు రాస్తుంటారు, అది నిజం కాదు. ఇన్‌స్టాలర్ బూట్ లైన్లలో వీజీఏ=788 ఉండేది కూడా 800x600 గ్రాఫిక్స్ కోసమే. ఆ తెర కుదరని మెషీన్ల కోసం "వీజీఏ=నార్మల్ ఎఫ్‌బీ=ఫాల్స్" అని ఇవ్వమని వాళ్ల గైడ్‌లోనే ఉంది. అలా ఇచ్చి టెక్స్ట్‌లోకి వెళ్తే మన భాష వదులుకోవాలి. టెక్స్ట్ మోడ్ వేగం, సరళత నాకూ ఇష్టమే. కానీ తెలుగు చదివే రైతు ముందు పెట్టే తెర అయితే గ్రాఫిక్స్ వైపు వెళ్లడమే న్యాయం అని నా అభిప్రాయం.

లైనక్స్‌లీల
11 నవంబర్, రాత్రి 10:20

రాత్రి రాస్తానన్న కారణం ఇది. లైనక్స్16 బయోస్ ఉన్నంతవరకే. యూఈఎఫ్ఐలో ఇంటరప్ట్ 10 లేదు, వీజీఏ టెక్స్ట్ మోడ్ మీద ఆధారపడే వీలు లేదు, బూట్‌లోడర్ ఒక ఫ్రేమ్‌బఫర్ (పిక్సెళ్లతో గీసే తెర మెమరీ) అప్పగిస్తుంది అంతే. పాత బయోస్ అనుకరణని 2020 నాటికి తీసేయాలనుకుంటున్నామని ఇంటెల్ 2017లోనే ప్రకటించింది. మీ మదర్‌బోర్డ్ పోయి కొత్తది కొన్న రోజు ఈ తంటా మళ్లీ మొదలవుతుంది.

అంతవరకైనా లైనక్స్16 కంటే మేలైన దారి ఉంది. మాస్టారు చెప్పిన 400 బై 8 లెక్క గుర్తుంది కదా. ఆ 8 ఎత్తు ఫాంట్‌ని సెటప్పే ఎక్కించాలని ఏమీ లేదు. టెక్స్ట్ మోడ్‌లో బూట్ అయ్యాక మనం ఎక్కించినా కెర్నెల్ లైన్ల సంఖ్యని తనే 50కి మార్చేస్తుంది. డెబియన్ కన్సోల్ ఫాంట్లలో "ల్యాట్15-వీజీఏ8" అని ఉంది. "సెట్‌ఫాంట్" కమాండ్‌కి ఆ పేరు ఇచ్చి చూడండి. నచ్చితే "/ఈటీసీ/డీఫాల్ట్/కన్సోల్-సెటప్"లో ఫాంట్‌ఫేస్ వీజీఏ, ఫాంట్‌సైజ్ 8x8 అని పెట్టండి. గ్రబ్ వైపు నోమోడ్‌సెట్ ఉంచి, వీజీఏ మాట తీసేసి, గ్రబ్_జీఎఫ్ఎక్స్‌పేలోడ్_లైనక్స్‌కి టెక్స్ట్ ఇవ్వండి. ఇది ఇవ్వడం ముఖ్యం. అక్కడ "కీప్" అని ఉంటే గ్రబ్ వాడిన గ్రాఫిక్స్ తెర అలాగే కొనసాగుతుంది, అప్పుడు ఈ 400 లెక్క వర్తించదు. ఇలా చేస్తే కస్టమ్ ఎంట్రీ అక్కర్లేదు, మామూలు ఎంట్రీతోనే నడుస్తుంది, కెర్నెల్ అప్‌డేట్‌కి భయపడనక్కర్లేదు.

పాత_లైలో
11 నవంబర్, రాత్రి 10:45

లీల గారూ, మీరు చెప్పిన దారి నాకు నచ్చింది, ఒక్క విషయంలో ఒప్పుకోలేను. ఫాంట్ ఎక్కేది బూట్ మధ్యలో. అంతకు ముందు వచ్చే కెర్నెల్ సందేశాలు 25 లైన్లలోనే వస్తాయి. పానిక్ అయితే తెర మీద మిగిలే లైన్లు సగమే. కారణం తెలిపే లైన్ పైకి జరిగిపోతే ఎంత నష్టమో నాకు తెలుసు. ఆ 50 లైన్లు మొదటి క్షణం నుంచీ ఉండటానికి విలువ ఉంది. గ్రబ్ వాళ్లు ఆ కామెంట్ తీసి పని పూర్తి చేసి ఉంటే ఈ చర్చే అవసరమయ్యేది కాదు.

లైనక్స్‌లీల
11 నవంబర్, రాత్రి 11:00

ఆ మాట నిజం మాస్టారూ. కెర్నెల్ మీద పనిచేసేవాళ్లకి నేనూ 16 దారే చెబుతాను. కాంటా గదికి మాత్రం అప్‌డేట్ అయ్యాక కూడా పొద్దున్నే లేచి నిలబడే మెషీన్ కావాలి. గ్రబ్ విషయంలో నా బాధ కూడా అదే. ఎక్స్‌ట్‌ని టెక్స్ట్‌గా మార్చినప్పుడు కనీసం ఐదు సెకన్లు ఆగి, 80x50 కుదరలేదని చెప్పాలి. మెరిసి మాయమయ్యే లైన్ ఎంతమంది చదువుతారు? వెంకట్ గారు వీడియో తీయబట్టి తెలిసింది.

టక్స్_ట్యాంక్‌బండ్
12 నవంబర్, ఉదయం 7:30

వెంకట్ అన్నా, సోర్స్ ఉందన్నావు కదా. ప్రోగ్రామ్ మొదట్లో లైన్ల సంఖ్య 50 కంటే తక్కువైతే ఆపేసే చోటు ఒకటి ఉంటుంది. ఎన్‌కర్సెస్ తెరలో ఎన్ని లైన్లున్నాయో "లైన్స్" అనే వేరియబుల్‌లో తనే చెబుతుంది. జాబితాలో ఎన్ని లారీలు చూపించాలో ఆ లెక్క నుంచి తీసుకుంటే 48 ఉన్నా 54 ఉన్నా నడుస్తుంది. అప్పుడు నోమోడ్‌సెట్ కూడా అక్కర్లేదు, యూఈఎఫ్ఐ అయినా సమస్య లేదు. ఆ ఫైల్ ఇక్కడ పెడితే నేను చూస్తాను.

మిల్లు_వెంకట్
12 నవంబర్, మధ్యాహ్నం 1:40

రాత్రి కాంటా ఆగాక లీల మేడమ్ చెప్పిన రెండో దారి చేశాను. కన్సోల్-సెటప్ మార్చి, గ్రబ్‌లో టెక్స్ట్ పెట్టి, అప్‌డేట్-గ్రబ్ నడిపాను. రీబూట్ చేస్తే మొదట 25 లైన్లు, లాగిన్ వచ్చేలోపు తెర మారి 50. ఎస్‌టీటీవై 50 80 అంటోంది. మాస్టారి మాట కూడా ఉంచాను. 16 ఎంట్రీని 40_కస్టమ్‌లో "కాంటా-పాతదారి" అనే పేరుతో పెట్టాను, డీఫాల్ట్ చేయలేదు. ఎప్పుడైనా బూట్ మధ్యలో ఆగిపోతే దాంట్లోంచి చూస్తాను.

రెండుసార్లు కరెంట్ తీసి పెట్టి చూశాను, ఇక్కడ కరెంట్ సంగతి మీకు తెలుసు కదా. రెండుసార్లూ సరిగ్గానే లేచింది. పొద్దుటి నుంచి 31 లారీలు కాంటా ఎక్కాయి. కాంటా దగ్గర కూర్చునే యాదయ్య గారికి అరవై దాటాయి. అక్షరాలు పాతవాటిలాగే ఉన్నాయని, కళ్లు నొప్పి పెట్టట్లేదని చెప్పారు. 48 లైన్లు వచ్చిన ఆ తెర మీద అక్షరాలు ఆయనకి ఆనలేదు.

తమ్ముడూ, సోర్స్‌లో నువ్వు చెప్పిన చోటు దొరికింది. 50 అన్న అంకె మొత్తం పదకొండు చోట్ల నేరుగా రాసి ఉంది. వడ్లు అయిపోయాక సంక్రాంతి ముందు కూర్చుందాం. అక్షరపథం గారూ, అప్పుడు మిమ్మల్నీ పిలుస్తాను. ఎలాగూ తెర మారుస్తున్నప్పుడు రైతుల పేర్లు తెలుగులో రావాలి.

అక్షరపథం
12 నవంబర్, మధ్యాహ్నం 2:05

తప్పకుండా వస్తాను. ఈలోగా ఒక పాత చీటీ, పేర్లు కొట్టేసి, ఫోటో పంపండి. ఎంత వెడల్పులో పేరు పట్టాలో చూసి ఫాంట్ సంగతి ఆలోచిస్తాను.